వంక పెట్టని రోజు

ఆయన పోయిన సంగతి నాకెవరూ చెప్పలేదు. పెద్దకర్మ భోజనాలు కూడా అయిపోయాక, ఏలూరు వెళ్లొస్తూ గుండుగొలనులో టీకి ఆగి ఎవరి నోటో విని వచ్చిన మా డ్రైవరు సత్తిబాబు, తవుడు బస్తాలు లెక్క చూసుకుంటూ మధ్యలో మాట వరసకి అన్నాడు, "మన సెల్ఫు డైనమో ఆయన పోయారటండి" అని. ఆ రోడ్డు మీద బండి తిప్పే ప్రతి ఓనరుకూ కబురు వెళ్లిందట. నాకు కార్డు లేదు, ఫోను లేదు. ఇలాంటివి మరిచిపోయే స్వభావం కాదు నాది. ముందు కోపమే వచ్చింది. ఆ కోపంతోనే పరామర్శకు బయలుదేరాను. ఎందుకు చెప్పలేదో అడిగి తేల్చుకుందామనే వెళ్లాను తప్ప ఏడవడానికి కాదు.

తాడేపల్లిగూడెంలో మాది తవుడు, వేరుశనగ చెక్క వ్యాపారం. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులకు మేత తోలుతాం. దానికి నా దగ్గరున్నది ముందు పొడుగాటి ముక్కున్న పాతకాలపు లారీ. ఇప్పుడు అలాంటివి సినిమా వాళ్లు అద్దెకు అడుగుతున్నారు. నేను ఇవ్వను. చెరువు గట్ల మీద అది నడిచినట్టు కొత్త బండి నడవదు. ఆ లారీలో ఇంజను సంగతి నాకు తెలుసు, టైర్ల సంగతి సత్తిబాబుకు తెలుసు. లైట్లు, హారను, సెల్ఫు, బ్యాటరీ, అంటే కరెంటుతో నడిచేవన్నీ ఆయన చేతిలో ఉండేవి. ఇన్నేళ్లూ ఇంకొకరు చేయి పెట్టలేదు. పెట్టడానికి వీలు లేకుండా చేశారాయన. అది నా మొదటి ఫిర్యాదు.

లారీలో ప్రతి వైరుకూ ఒక రంగుంటుంది. ఆయన వేసిన వైర్లన్నీ నలుపే. ఏది హెడ్‌లైటుదో ఏది హారనుదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ఆయనకు మాత్రం తెలుసు. ఆయనది కొల్లేటి లంకల్లో వలలు అల్లుకునే కుటుంబం. ప్రతి వైరు చివరా వల నూలుతో ముడి వేసేవారు. హెడ్‌లైటుకు ఒక రకం ముడి, బ్రేకు లైటుకు ఇంకో రకం. డాష్‌బోర్డు కిందకు చేయి పోనిచ్చి, ముఖం రోడ్డు వైపు తిప్పుకుని, ఎవరితోనో మాట్లాడుతూనే వేళ్లతో ముడి పట్టుకుని వైరు బయటికి లాగేవారు.

"రంగుల వైరు వేస్తే మీ సొమ్మేం పోయిందండీ?" అని ఒకసారి నిలదీశాను.

"రంగు మసి పడితే పోతుందండి. ముడి పోదు."

"మీరు లేని రోజున మా గతేంటి?"

"ఎందుకుండనండీ? మీ అర్జీలన్నీ తేలేవరకూ ఉంటాను."

అర్జీ గారు అని నాకు పేరు పెట్టింది ఆయనే. బస్సు మా వీధి మొదట్లో ఆపకపోతే, వంతెన మీద దీపం ఆరిపోతే, రేషను షాపు వేళకు తెరవకపోతే పై వాళ్లకు రాసి పడేసే అలవాటు నాకుంది. అందులో తప్పేముందో నాకిప్పటికీ తెలియదు. ఆ సంగతి ఆయన దాకా ఎలా చేరిందో గానీ, ఒక రోజు నేను లారీ దిగుతుంటే, "రండి అర్జీ గారూ" అన్నారు. అక్కడున్న డ్రైవర్లు నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఇద్దరి ముఖాలు నాకిప్పటికీ గుర్తే.

ఆయన దుకాణం గుండుగొలను దగ్గర హైవే దిగి కొల్లేరు వైపు తిరిగే రోడ్డు పక్కన ఉండేది. పైన రేకులు, కింద నల్లనూనె ఇంకి గట్టిపడిన నేల. మూల తిరగేసిన పాత బ్యాటరీ పెట్టె ఆయన కుర్చీ. వచ్చిన వాళ్లకు కుర్చీ ఉండేది కాదు. మొదటిసారి వెళ్లినప్పుడు నన్ను ఎండలో నిలబెట్టి, నా తరువాత వచ్చిన చేపల బండి లైటు ముందు చూశారు. ఇదేం న్యాయమని అడిగాను.

"చేప ఆగదండి. తవుడు ఆగుతుంది" అన్నారు, తల ఎత్తకుండా.

మాట సరైనదే. అందుకే ఇంకా మండింది.

ఇంకొకసారి కొత్త హారను వేయించాను. ఇంటికొచ్చేలోగా దాని గొంతు పోయి మేకలా అరవడం మొదలుపెట్టింది. మర్నాడే వెనక్కి తిప్పించి తీసుకెళ్లాను. ఆయన విని, బానెట్ మీద చేయి వేసి, నిదానంగా అడిగారు.

"భీమడోలులో కొడితే మీ గూడెంలో వినపడాలా అండీ?"

"ముందు నడిచే మనిషికి వినపడితే చాలండి."

"మీ బండి వస్తుంటే ముందు ఎవరూ నడవరండి. ఆగి మీ చేత వంకలు చెప్పించుకునే ఓపిక ఎవరికుంది?"

మా అమ్మాయి పెళ్లికి పిలిచాను. వచ్చి, శుభ్రంగా భోంచేసి, నలుగురిలో పందిరి దీపాల వైపు చూసి, "ఎవడండీ కట్టింది, తాగి కట్టినట్టున్నాడు" అన్నారు. కట్టింది మా బావమరిది మేనల్లుడు. ఆ మాట మా వైపు బంధువుల్లో ఇంకా నలుగుతూనే ఉంది.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. నేను వంకలు చెప్పేటప్పుడు ఆయన విన్నట్టు ఇంకెవరూ వినలేదు. ఆఫీసుల్లో కాగితం తీసుకుని పక్కన పెడతారు, ఇంట్లో టీవీ గొంతు పెంచుతారు. ఆయన చేతిలో పని ఆపేసేవారు. గుడ్డతో చేతులు తుడుచుకుని, ఆ పెట్టె మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఎడమ చేయి మోకాలి మీద చాచేవారు. నేను ఒక్కో తప్పూ చెబుతుంటే ఒక్కో వేలు ముడిచేవారు. నేను ఆగాక, "ఇంకా?" అనేవారు.

"అంతేనండి."

"రెండు వేళ్లు మిగిలాయండి. గుర్తు తెచ్చుకోండి. రేపు మళ్లీ వస్తే డీజిలు దండగ."

ఆ తరువాత నన్ను నాలుగు మాటలని, మరో మాట లేకుండా అన్నీ సరిచేసేవారు. సరిచేసిన దాన్ని నేను మళ్లీ పరీక్షించేదాకా బండి కదలనిచ్చేవారు కాదు. ఒక్కోసారి నేను అలసిపోయి బాగానే ఉందంటే, "ఇంకోసారి చూడండి, మీ మాట మీదే ఉంటాను" అనేవారు. అది కూడా వెటకారమే అనుకునేవాణ్ని.

ఇక ఆ చివరి పని జరిగిన వేసవి సంగతి. సత్తిబాబు ఒక రోజు తాళాలు తెచ్చి నా గల్లాపెట్టె మీద పెట్టాడు.

"నావల్ల కాదండి. క్యాబిన్‌లో కూర్చుంటే కుంపట్లో కూర్చున్నట్టుంది. ఫోను చార్జింగు అయిపోతే చెరువు కాడ రైతుకి నేనెక్కడున్నానో తెలీదు. గట్టు మీద వెనక్కి తియ్యాలంటే తల బయటపెట్టి పెట్టి మెడ పట్టేసింది. ఫ్యాను, చార్జింగు, వెనక కెమెరా. ఈ మూడూ పెట్టించండి. లేదా ఇంకో డ్రైవర్ని చూసుకోండి. ఆయ్."

ఆ లారీని గట్ల మీద నడపగలిగినవాడు వేరే లేడు. ఏలూరులో ఒక పెద్ద షాపులో అడిగితే, పాత వైరంతా పీకేసి మొదటి నుంచీ కొత్తది వేయాలన్నారు. ఈయన్ని అడగాలని నాకు తోచలేదు. ఇలాంటివాటిని సోకులనేవారు. లారీలో ఫ్యానేంటండీ, అది పెళ్లికూతురా అని వేరే ఓనరుతో అనగా విన్నాను.

అలాంటిది ఆయనే మా కొట్టుకు వచ్చారు. ఇన్నేళ్లలో పని మీద గూడెం రావడం అదే మొదలు. బస్సు దిగి, అడుగుతూ వచ్చారట. లోపలికొస్తూ గుమ్మం పక్కనున్న బస్తాకు తట్టుకున్నారు.

"మీ బండికి కొత్త వైరింగటగా. నేను చేస్తానండి."

"సోకులు మీరు చేయరు కదండీ."

"చేస్తాను. కొత్త సామాను ఎలా ఉంటుందో చూడాలి కదా."

"మీ ఊరి మీదుగా రోజూ ఎన్ని బండ్లు పోతాయి. అందులో దేనికైనా చేసి చూసుకోవచ్చుగా."

"కాదండి. మీ బండే కావాలి."

ఏలూరు షాపుకు నేను పోతానన్న అసూయ అనుకున్నాను. లోపల ఎక్కడో గెలిచినట్టు కూడా అనిపించింది. సరే అన్నాను.

ఆ పని జరిగినన్నాళ్లూ ఆయన మామూలుగా లేరు. నా కోసం పక్క టీ కొట్టులోంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించారు. అప్పుడే అనుమానపడాల్సింది. చేప కడుపు చీల్చినట్టు డాష్‌బోర్డు విప్పి, పాత నల్ల వైర్లన్నీ బయటికి లాగేశారు. అంతవరకూ చేతులు పాత చేతులే. కొత్త సామాను డబ్బాల్లోంచి వచ్చింది. కెమెరాకు, చార్జింగుకు దారపు పోగుల్లాంటి సన్నని వైర్లు, వాటికి ముందే తగిలించిన చిన్న చిన్న ప్లగ్గులు. ఎరుపు, పసుపు, గోధుమ, ఊదా. ముడి వేయడానికి చోటు లేదు. ఒక్కోదాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, ఎండ వైపు తిప్పి చూసేవారు. మోకాలి పక్కనే పడున్న స్క్రూడ్రైవరు కోసం నేలంతా తడిమారు. "అదుగోండి" అని నేనంటే, "తెలుసండి, చేతికి వ్యాయామం" అన్నారు. సత్తిబాబును పిలిచి, "ఏరా, ఇది ఊదానా గోధుమా? నీకు రంగులొచ్చో లేదో చూద్దాం" అన్నారు. వాడు నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు. నేను చూశాను. వయసు మీద పడిందని నాకు అర్థమైంది.

పని పూర్తయ్యాక మేత వేసుకుని చెరువుల వైపు వెళ్లి వచ్చాం. బ్రేకు నొక్కితే ఫ్యాను ఆగిపోయేది. ఎడమ సిగ్నలు వేస్తే రెండు వైపులా మిణుకుమనేది. వెనక్కి తీయబోతే కెమెరా తెర ఒకసారి వెలిగి చీకటయ్యేది. ఫోను పెట్టిన చోట ప్లాస్టిక్ కాలిన వాసన. సత్తిబాబు గట్టు మీద బండి ఆపేసి, "బాబుగారూ, దీన్ని ఇలా నడిపితే మనిద్దరం కొల్లేట్లో కొంగలకి మేతవుతాం" అన్నాడు.

మర్నాడు దుకాణం ముందు దిగాను. ఆయన అప్పటికే పెట్టె మీద కూర్చుని ఉన్నారు. కళ్లు మూసుకున్నారు. ఎడమ చేయి మోకాలి మీద చాచి పెట్టారు. అరచేతిలో వైరు గుచ్చుకున్న గాట్లు ఎర్రగా ఉన్నాయి.

"చెప్పండి అర్జీ గారూ."

నా దగ్గర జాబితా సిద్ధంగా ఉంది. ఆ చేతిని చూశాను. ఇన్నేళ్లు నన్ను ఎండలో నిలబెట్టిన మనిషి, నలుగురిలో నవ్వించిన మనిషి నాకు కుర్చీ తెప్పించి నా మాట కోసం ఎదురుచూస్తున్నారు. జాలి కలిగింది. జాలి ఒక్కటే అని రాస్తే అబద్ధమవుతుంది. ఇన్ని మాటలు పడ్డవాణ్ని నేను, ఈయన్ని క్షమించి పంపేస్తున్నానన్న గొప్ప కూడా కలిగింది. రుచిగానే ఉండింది అది.

"ఏమీ లేదండి. అన్నీ బాగున్నాయి" అన్నాను.

ఒక్క వేలు కూడా ముడవలేదు.

"ఇంకా?"

"ఇంకేం లేదండి. మొదటిసారి వంక లేకుండా చేశారు."

ఆయన కళ్లు తెరిచి నా వైపు చూశారు. నా వైపు అంటే, నా భుజం పక్కగా.

"నిజమేనా అండీ?"

"నిజమే."

"మీరు అన్నారంటే నిజమేనండి" అని లేచి, చేతులు తుడుచుకున్నారు. ఆ గుడ్డతో చాలాసేపు తుడుచుకున్నారు.

సత్తిబాబు నా వైపు చూసిన చూపు కూడా గుర్తే. అటు నుంచి అటే ఏలూరు వెళ్లి, ఆ వైరింగంతా తీయించి కొత్తది వేయించాను. ఇప్పుడు ఫ్యాను తిరుగుతుంది, ఫోను నిండుతుంది, వెనక గట్టు తెర మీద అద్దంలో చూసినట్టు కనబడుతుంది. చేసింది తెలియకూడదని, ఆ రోజు నుంచి లారీని ఆయన దుకాణం మీదుగా పోనివ్వలేదు. భీమడోలు దగ్గరే దించి, చుట్టూ తిప్పి చెరువులకు పంపేవాణ్ని. కొన్నాళ్లకు దుకాణం మూసేశారని విన్నాను. వయసు కదా అనుకున్నాను.

దుకాణం వెనకే ఇల్లు. నేను వెళ్లేసరికి ఆయన భార్య ఒక్కరే వరండాలో ఉన్నారు. ఆవిడను నేను అంతకు ముందు ఒకటి రెండుసార్లు చూశానేమో. పేరు చెప్పబోతుంటే ఆపేశారు.

"అర్జీ గారేనా అండీ? కూర్చోండి అన్నయ్యగారూ." కుర్చీ లాగి వేశారు. "మీకు చెప్పకపోవడం తప్పేనండి. మీరు ఈ దారినే రావడం మానేశారు కదా, ఆయన మీద కోపం వచ్చిందేమో, ఫోను చేస్తే ఏమంటారో అని మా అబ్బాయి భయపడ్డాడు."

తేల్చుకుందామని తెచ్చుకున్న మాటలు పక్కన పెట్టాను. ఎలా పోయారని అడిగాను.

"గుండెపోటండి. అది క్షణంలో అయిపోయింది. అంతకు ముందే కష్టం. చూపు పోయింది కదా."

"చూపా?"

"మీకు తెలీదా అండీ? పక్కనున్నవి కనపడటం లేదని చాన్నాళ్లుగా అంటూనే ఉండేవారు. మా అబ్బాయి, వయసు నాన్నా, అదే సర్దుకుంటుందన్నాడు. నేను ఏలూరు డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. ఆయన వినలేదండి. డాక్టరెందుకే, అర్జీ గారి బండి ఒకటి పూర్తిగా చేస్తాను, నా కంట్లో తేడా ఉంటే పనిలో తేడా వస్తుంది, తేడా వస్తే ఆయన దేవుణ్నయినా వదలరు, అప్పుడు వెళ్దాం అన్నారు. అందుకని మీ ఊరొచ్చి మరీ బండి అడిగారు."

నేను ఆవిడ ముఖం చూడలేకపోయాను. పక్కింటి పెరట్లో ఎవరో వల ఆరేస్తున్నారు, అటు చూస్తూ కూర్చున్నాను.

"ఆ రోజు ఇంటికొచ్చి, ఒక్క వంకా పెట్టలేదే అన్నారు. సంతోషంగా అన్నారా అంటే అదీ కాదు. అన్నం తింటూ అదే మాట, పడుకోబోయే ముందు అదే మాట. మేమే ఆయన్ని కోప్పడ్డామండి. ఆ మనిషే బాగుందన్నాక మీ కళ్లకేంటి, ఊరికే భయపడకండి అని. ఇంక డాక్టరు మాట ఎత్తనివ్వలేదు. తరువాత గుమ్మాలు తగులుకుని పడిపోతుంటే తీసుకెళ్లాం. కంట్లో ఒత్తిడట. పోయిన చూపు రాదు, ముందే వచ్చి ఉంటే ఉన్నది నిలబెట్టేవాళ్లం అన్నారు."

"ఆయన నన్నేమీ అనలేదా అమ్మా?"

"ఏమీ అనలేదండి. చూపు పోయాక ఒక రోజు ఇక్కడే కూర్చుని, ఆ ముక్కు లారీ మన రోడ్డున పోవట్లేదే అన్నారు. ఆ ఇంజను చప్పుడు ఆయనకి తెలుసు కదా. అంతే, ఇంకేం అనలేదు."

కొంగుతో కుర్చీ చేతిని తుడుస్తూ, చూడకుండానే అడిగారు.

"అన్నయ్యగారూ, ఆ పని నిజంగా బాగుందా అండీ?"

బాగుందంటే సరిపోయేది. ఆవిడ మనసు కాస్త తేలికపడేది. బహుశా అందుకే అడిగారు. ఆ మాట ఒకసారి ఈ ఇంటికి పంపించినవాణ్నే నేను. రెండోసారి పంపించలేకపోయాను.

"లేదమ్మా. బాగాలేదు."

అన్నీ చెప్పాను. బ్రేకుకు ఆగిపోయిన ఫ్యాను, రెండు వైపులా మిణుకుమన్న సిగ్నలు, చీకటైన తెర, కాలిన వాసన. ఏలూరులో తీయించేసిన సంగతి, దారి మార్చిన సంగతి. ఎప్పుడో అక్కడి పెట్టె ముందు నిలబడి చెప్పాల్సిన జాబితా, ఒక్కటీ వదలకుండా ఆ వరండాలో అప్పజెప్పాను. ఎందుకలా చేశారని అడగవలసిన ఆవిడే అడగలేదు. నేనే అయితే ఏం చేసేవాణ్నో నాకు తెలుసు. నా మీద అర్జీ పెట్టే హక్కు ఈ భూమ్మీద ఒక్క ఇంటికి ఉంటే అది ఆ ఇంటికే ఉంది.

"అయితే ఆయన అనుమానం నిజమేనండి" అన్నారు. "మేమే నమ్మలేదు." లేచి లోపలికి వెళ్లారు. ఇక వెళ్లమని చెప్పడానికే లేచారనుకుని నేనూ లేచాను. లోపల గిన్నె చప్పుడైంది. మళ్లీ కూర్చున్నాను.

రెండు గ్లాసుల్లో టీ తెచ్చి ఒకటి నా చేతికిచ్చారు. ఒక గుక్క తాగాను. పంచదార లేదు. ఏమీ అనలేదు. ఆ పూట, ఆ ఇంట్లో, అనడానికి నాకు నోరెక్కడిది. వేడి వేడిగా మొత్తం తాగేశాను. ఆవిడ తన గ్లాసు అప్పుడే నోటి దగ్గర పెట్టుకుని, ఆగిపోయారు.

"అయ్యో, పంచదార వేయనే లేదండి. ఆయనకి లేకుండా పెట్టి పెట్టి చెయ్యి అలా అలవాటైపోయింది. అంతా ఎలా తాగేశారు?"

"పరవాలేదమ్మా."

"పరవాలేదేంటండీ" అంటూ నా చేతిలోని ఖాళీ గ్లాసు అందుకున్నారు. "ఒక్క మాట చెప్పొచ్చు కదా."